పెద్దవాళ్లను వెంటబెట్టుకుని జిరంగ్ మొనాస్టరీకి వెళ్లడం ఎలా

ఒడిశా బరంపురంలో చుట్టాలు దిగితే ఎక్కడ తిప్పాలన్న టెన్షన్ మనకు ఉండదు. ఒకరోజు గోపాల్‌పూర్ సముద్రం, ఒకరోజు తారాతారిణి కొండ, ఇంకా సెలవు మిగిలితే తప్తపాణి మీదుగా జిరంగ్. మొదటి రెండింటికీ ఎవరూ ఏమీ నేర్పక్కర్లేదు. జిరంగ్ దగ్గరే మనవాళ్లు తడబడతారు. అక్కడున్నది టిబెటన్ల బౌద్ధ మఠం, పద్మసంభవ మహావిహారం. చూడబోతే గుడిలాగే ఉంటుంది, లోపలికెళ్తే ఏం చెయ్యాలో పాలుపోదు. కుర్రాళ్లు పిక్నిక్ స్పాటు అనుకుని సెల్ఫీలు దిగి వచ్చేస్తారు, పెద్దవాళ్లేమో గుమ్మం దగ్గర చెప్పులు విప్పి అక్కడే నిలబడిపోతారు.

మా మేనత్త రెండో రకం. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు మెట్ల మీదే ఆగి, "ఒరే, ఇక్కడ నేను దండం పెట్టుకోవచ్చా?" అంది. "పెట్టేసుకో అత్తా, అన్నీ ఒకటే" అనేశాను, వెనకాల జనం తోసుకొస్తున్నారని. అది బద్ధకంతో చెప్పిన జవాబు. తర్వాత ఇంకో నాలుగుసార్లు వెళ్లి, అక్కడి భిక్షువులతో కాస్త మాట కలిపాక నాకు అర్థమైంది ఏమిటంటే, చేతులతో చేసే పనులు దాదాపు అన్నీ మనవే, వాటి వెనకున్న ఆలోచనే చాలాచోట్ల వేరు. అందుకని చేతులకు అలవాటైంది చేసుకుంటూ పోవచ్చు, నోరు మాత్రం కాస్త చూసుకుని తెరవాలి. కింద రాసిందంతా ఈ లెక్కనే.

ముందు దారి సంగతి. బరంపురం నుంచి దిగపహండి, తప్తపాణి ఘాటీ దాటి చంద్రగిరి వైపు పోవాలి, రమారమి 80-90 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే తప్తపాణిలో వేడినీళ్ల ఊట దగ్గర ఆగొచ్చు, గంధకం వాసన వస్తుంది, పెద్దవాళ్లు కాళ్లు కడుక్కుని అక్కడి కంధి అమ్మవారికి దండం పెట్టుకుంటారు. తర్వాత ఎక్కడా ఆగకండి. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు మోహన మీదుగా దారి. ఎటు నుంచి వచ్చినా ఘాట్ రోడ్డు, వాంతులయ్యేవాళ్లకు నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. చలికాలమైతే శాలువా తప్పనిసరి.

టిబెటన్లు ఇక్కడికెలా వచ్చారని పిల్లలు అడుగుతారు. 1959లో దలైలామా టిబెట్ విడిచి వచ్చాక వేలమంది ఆయన వెనకే వచ్చారు, వాళ్లలో కొందరికి 1963లో ఈ గజపతి కొండల్లో భూములిచ్చారు. మొక్కజొన్న వేస్తారు, చలికాలం రాగానే స్వెట్టర్ల మూటలతో ఊళ్ల మీద పడతారు. 2010 జనవరిలో ఈ పెద్ద మఠాన్ని దలైలామాయే వచ్చి ప్రారంభించారు. పేరులో ఉన్న పద్మసంభవుడు 8వ శతాబ్దంలో టిబెట్‌కు వెళ్లి అక్కడ బౌద్ధాన్ని నిలబెట్టిన గురువు, తామరపువ్వులో పుట్టాడని వాళ్ల కథ. ఆయన పుట్టిన ఒడ్డియానం మన ఒడిశాయే అని ఇక్కడివాళ్లు గట్టిగా అంటారు. పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ అని అనే పండితులు చాలామంది ఉన్నారు. మీరు ఆ గొడవలోకి దిగకండి, ముఖ్యంగా ఒడియా డ్రైవరు పక్కన ఉండగా.

లోపలికి వెళ్లేముందు పైకి చూడండి. గాలికి ఎగిరే రంగురంగుల గుడ్డ జెండాలు కనిపిస్తాయి. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, ఎప్పుడూ ఇదే వరస. ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేల. మన పంచభూతాలే! జెండా మీద అచ్చువేసిన మంత్రం గాలితోపాటు నాలుగు దిక్కులకూ పోతుందని వాళ్ల నమ్మకం. పాతబడి చిరిగి కిందపడినా ఆ గుడ్డ మీద మంత్రం ఉంటుంది కాబట్టి తొక్కకూడదు, గుర్తుగా ఉంటుందని బ్యాగులో కుక్కుకోనూ కూడదు. పుస్తకం కాలికి తగిలితే మనం కళ్లకద్దుకుంటాం చూడండి, వాళ్లూ అంతే, మతగ్రంథాన్ని తలకు తాకించుకుంటారు, నేలమీద పెట్టరు. ఆ గ్రంథాలు కూడా కుట్టిన పుస్తకాలు కావు, అడ్డంగా పొడుగ్గా ఉండే విడి కాగితాలు, పైన గుడ్డ చుట్టి ఉంటాయి. మన తాళపత్రాల పోతీల రూపమే అటు వెళ్లి కాగితంగా మారింది.

ప్రదక్షిణ ఎలా చెయ్యాలని అడిగేవాళ్లుంటారు. మనం గుడి చుట్టూ తిరిగినట్టే, కుడిచెయ్యి గుడివైపు ఉండేలా. మణిచక్రాలు, అంటే చేత్తో తిప్పే ఆ గుండ్రటి డబ్బాలు, అవి కూడా గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. వాటిలో కాగితం చుట్ట ఉంటుంది, దానిమీద "ఓం మణి పద్మే హూం" వేలసార్లు అచ్చయి ఉంటుంది, ఒక్కసారి తిప్పితే అన్నిసార్లు జపించినట్టు. వాళ్ల నోట్లో అది "ఓం మణి పేమే హుం" అని పలుకుతుంది. పిల్లలు వాటిని బొంగరంలా గిరగిరా తిప్పి పరిగెడతారు, ఆపండి. నెమ్మదిగా ఒక్కొక్కటీ తిప్పుకుంటూ నడవాలి, ముందున్న ముసలమ్మను దాటిపోకూడదు. ఆవిడ చేతిలో జపమాల ఉంటే పూసలు లెక్కపెట్టుకోండి, 108.

దండం ఎలా పెట్టాలి? ఇది మా అత్తకు చాలా నచ్చిన భాగం. టిబెటన్లు చేతులు జోడించి ముందు తలకు, తర్వాత గొంతుకు, తర్వాత గుండెకు తాకిస్తారు. తల అంటే శరీరం, గొంతు అంటే మాట, గుండె అంటే మనసు. ఒక చిన్న భిక్షువు హిందీలో ఇది చెప్తుంటే అత్త సగంలోనే అందుకుని "త్రికరణశుద్ధి" అంది. నిజమే కదా, మనసా వాచా కర్మణా అని మనం నోటితో అనేదాన్ని వాళ్లు చేత్తో చూపిస్తారు. తర్వాత మోకాళ్లు, అరచేతులు, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు మొక్కుతారు. మన ఆడవాళ్లు సాష్టాంగం చెయ్యకుండా చేసే పంచాంగ నమస్కారం అచ్చు ఇదే. మూడుసార్లు ఎందుకంటే ఒకటి బుద్ధుడికి, ఒకటి ధర్మానికి, ఒకటి సంఘానికి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిలబడి చేతులు జోడిస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక అసలు చూడాల్సింది విగ్రహం ముందున్న గిన్నెలు. అందరూ పెద్ద బుద్ధుణ్ణి చూసి నోరు తెరిచి వాటిని వదిలేస్తారు. విగ్రహాల ముందు వరసగా ఏడు చిన్న గిన్నెలు, నిండా నీళ్లు. పొద్దున్నే ఎడమ నుంచి కుడికి నింపుతారు, అంచుకు ఒక్క బార్లీ గింజంత కిందవరకే, గిన్నెకూ గిన్నెకూ మధ్య కూడా ఒక గింజ పట్టేంత సందు. తగలనివ్వరు, దూరమూ పోనివ్వరు. సాయంత్రం కుడి నుంచి ఎడమకు ఒక్కొక్కటీ వంచి, తుడిచి, బోర్లిస్తారు. ఆ ఏడూ ఏమిటని అడిగితే వాళ్లు మంత్రం చెప్తారు. అర్ఘం, పాద్యం, పుష్పే, ధూపే, ఆలోకే, గంధే, నైవేద్యే.

ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. టిబెటన్ యాస కింద మన వినాయకచవితి పుస్తకమే! పాదయోః పాద్యం సమర్పయామి, హస్తయోః అర్ఘ్యం సమర్పయామి అని మనింట్లో నాన్న చదువుతుంటే, ఎప్పుడు ఉండ్రాళ్ల దాకా వస్తుందా అని పీట మీద కునికిపాట్లు పడేవాణ్ణి. మనకు పాద్యం ముందు, అర్ఘ్యం తర్వాత, వాళ్లకు అర్ఘ్యం ముందు. ఆలోకం అంటే వెలుగు, మన దీపం దర్శయామి. గీతం, వాద్యం మనకు వరసలో చివర వస్తాయి, వాళ్లు కూడా చివర్న శబ్దం చేరుస్తారు, దానికి గిన్నె పెట్టరు, ఎందుకంటే శబ్దాన్ని గిన్నెలో పొయ్యలేం కదా, గంట మోగిస్తారు. ఇంటికొచ్చిన అతిథికి కాళ్లకు నీళ్లిచ్చి, తాగడానికిచ్చి, గంధం పూసి, అన్నం పెట్టే మర్యాదనే దేవుడి ముందు పెట్టడం రెండు చోట్లా ఉంది. పూజ తెలిసిన పెద్దవాళ్లకు ఈ గిన్నెల సంగతి ఒక్కటి చెప్పండి చాలు, మిగతాది వాళ్లే మీకు చెప్పుకుంటూ పోతారు.

గిన్నెలు ముట్టుకోకూడదు. విగ్రహాలకు పసుపూ కుంకుమా పూయకూడదు, లోపల కర్పూరం వెలిగించకూడదు, కొబ్బరికాయ కొట్టే పద్ధతి లేదు. డబ్బులు విగ్రహం ఒళ్లో పెట్టకుండా హుండీలో వేయండి. దీపం పెట్టించాలనుంటే అడిగితే చెప్తారు, వాళ్లది వెన్న దీపం. నోటితో ఊది ఆర్పకూడదన్నది అక్కడా ఉంది. కాళ్లు విగ్రహం వైపు చాపి కూర్చోకండి. భిక్షువులు వరసగా కూర్చుని చదువుతుంటే గోడవారగా కూర్చుని వినొచ్చు, పెద్ద కొమ్ముబూర మోగితే పిల్లలు ఉలిక్కిపడతారు, ముందే చెప్పి ఉంచండి. చదివేవాళ్ల చేతిలో గంట, రెండో చేతిలో ఇత్తడి వస్తువు ఉంటుంది, అది వజ్రం, ఇంద్రుడి ఆయుధం. వాళ్లు దాన్ని మంత్రంలో "బెంజా" అంటారు. ప్రత్యేక పూజ రోజుల్లో ముక్కున్న కలశం నుంచి కుంకుమపువ్వు వేసిన నీళ్లు చేతిలో పోస్తారు. ఎలా తీసుకోవాలని కంగారుపడకండి, కుడి అరచెయ్యి గుంటలా పట్టి, కాస్త తాగి, మిగిలింది తలకు రాసుకోవడమే. తీర్థం!

గోడల మీద బొమ్మల దగ్గర కాస్త జాగ్రత్త. కొన్ని ముఖాలు గుర్తుపడతారు. వీణ పట్టుకున్నావిడ సరస్వతే, టిబెటన్ పేరు యంగ్‌చెన్మా. యముడున్నాడు, మహాకాలుడున్నాడు, కుబేరుడు కూడా వేరే పేరుతో ఉంటాడు. ఆకుపచ్చగా, కుడికాలు కిందికి చాపి లేవబోతున్నట్టు కూర్చున్నావిడ తార. మన దశమహావిద్యల్లోనూ తార ఉంది. మన తారాతారిణి అమ్మవార్ల పేరుకు కూడా ఈ బౌద్ధ తారే మూలమని కొందరు చరిత్రకారులు అంటారు. చైత్ర మంగళవారాల్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆ కొండెక్కే మనవాళ్లకు ఈ సంగతి చెప్తే సగంమంది మురిసిపోతారు, సగంమంది మొహం మాడ్చుకుంటారు. వంశధార ఒడ్డున శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలో కూడా తార విగ్రహాలు దొరికాయి.

కొన్ని బొమ్మల్లో ఆడా మగా కౌగిలించుకుని ఉంటారు. పిల్లలతో వెళ్లిన అత్తయ్యలు, పిన్నులు చీరకొంగు అడ్డం పెట్టేసుకుంటారు. బూతు కాదు అది. ఆడరూపం ప్రజ్ఞ, మగరూపం కరుణ, రెండూ కలిస్తేనే పని జరుగుతుందని. అర్ధనారీశ్వరుడిలాగా అని చెప్తే వెంటనే అర్థమవుతుంది, అయితే చిన్న తేడా ఉంది. మన దగ్గర కదిలించే శక్తి అమ్మవారు. వాళ్ల దగ్గర ఆడరూపం జ్ఞానం, కదిలి పనిచేసేది మగరూపం.

టిబెటన్ మఠాల గుమ్మం పక్కన సాధారణంగా ఒక పెద్ద చక్రం బొమ్మ వేస్తారు, యముడు పళ్లతో కరిచి పట్టుకున్నట్టు. అది కనిపిస్తే పిల్లల్ని అక్కడ పది నిమిషాలు కూర్చోబెట్టండి. మధ్యలో పంది, కోడి, పాము ఉంటాయి. అజ్ఞానం, ఆశ, ద్వేషం. చుట్టూ ఆరు లోకాలు, దేవతలూ అసురులూ మనుషులూ జంతువులూ ప్రేతాలూ నరకమూ. గమనించాల్సింది ఏమిటంటే దేవతలు కూడా చక్రం లోపలే ఉన్నారు. పుణ్యం అయిపోతే వాళ్లూ కింద పడాల్సిందే. "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి" అని గీతలో చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. కర్మ, పునర్జన్మ, ఈ చక్రం నుంచి బయటపడాలన్న కోరిక, ఇవి రెండు ఇళ్లలోనూ ఒకటే వంట.

తేడా ఎక్కడంటే, ఎవరు పుడుతున్నారు అన్న ప్రశ్న దగ్గర. మా అత్త భిక్షువును అడిగేసింది, "ఆత్మే కదా బాబూ మళ్లీ పుట్టేది?" అని. ఆయన నవ్వి, మా దగ్గర ఆత్మ లేదమ్మా అన్నాడు. అత్త నావైపు చూసింది, నేను గోడవైపు చూశాను. చిరిగిన బట్టలు విప్పి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ శరీరం మారుస్తుందని గీత చెప్తుంది, అంటే కట్టుకునేవాడు ఒకడున్నాడు. బౌద్ధులు చెప్పే పోలిక దీపానిది. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే ఏం వెళ్లింది అటునుంచి ఇటు? వెలుగు కొనసాగింది, వస్తువేదీ దాటలేదు. గ్రీకు రాజు మిలిందుడికి బౌద్ధ భిక్షువు నాగసేనుడు చెప్పిన పోలిక ఇది. లోకాన్ని పుట్టించిన దేవుడు అన్న ఊహ కూడా వాళ్లకు లేదు. బుద్ధుడు సృష్టికర్త కాదు, దారి చూపించినవాడు. దీనిమీద వాదించాలనుకుంటే వాదించండి, మన శంకరులూ వాళ్ల నాగార్జునుడూ ఉన్న దేశం, వాదన తప్పేమీ కాదు, కాకపోతే లోపల దీపాల ముందు కాకుండా బయట టీ తాగుతూ.

నోరు జాగ్రత్త అని మొదట్లో అన్నది అసలు దీనికి. "బుద్ధుడు మా విష్ణువు అవతారమే కదా, మీరూ మేమూ ఒకటే" అని మనవాళ్లు ప్రేమగా భుజం తట్టి మరీ అంటారు. జయదేవుడి గీతగోవిందంలో తొమ్మిదో అవతారం బుద్ధుడే, యజ్ఞాల్లో జంతువుల్ని చంపొద్దన్న దయామయుడిగా పొగుడుతాడు. ఒడిశా పటచిత్రాల్లో చాలావాటిలో ఆ తొమ్మిదో స్థానంలో జగన్నాథుడు కూర్చుంటాడు. విష్ణుపురాణంలో మాత్రం అసురుల్ని వేదం నుంచి తప్పించడానికి విష్ణువు పంపిన మాయామోహుడు వచ్చినట్టు కథ, అందులో పొగడ్త లేదు. అవతారం అన్న మాటలో ఈ రెండూ ఉన్నాయి. టిబెటన్ భిక్షువు నవ్వి ఊరుకుంటాడేమో గానీ, అందరి దగ్గరా అలా కుదరదు. మహారాష్ట్ర చంద్రపూర్‌లో మా పెదనాన్నగారి పక్కింటివాళ్లు బౌద్ధులు, ఒకసారి నేను ఇదే మాట వాళ్లింట్లో అన్నాను. గృహస్థు టీ కప్పు కిందపెట్టి, "మా తాతలు ఆ మాట వదిలి వచ్చారు బాబూ" అన్నాడు. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకుని ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఐదోది ఇదే, బుద్ధుణ్ణి విష్ణువు అవతారంగా నమ్మను అని. రెండు రోజుల తర్వాత చంద్రపూర్‌లోనే దీక్ష జరిగింది. మనం కలుపుకున్నామని అనుకునేది వాళ్లకు మింగేసినట్టు తగులుతుంది. కాబట్టి అవతారం సంగతి మనింట్లో మాట్లాడుకుందాం, వాళ్లింట్లో వాళ్లు చెప్పేది విందాం.

మాట కలపడానికి వేరే దారులు బోలెడున్నాయి. పంచశీలం అడగండి, చంపకపోవడం, దొంగిలించకపోవడం, తప్పుడు సంబంధాలు పెట్టుకోకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తు పుచ్చుకోకపోవడం. పతంజలి యోగసూత్రాల్లో యమాలు, అంటే పాటించాల్సిన కట్టుబాట్లు, ఐదు, మొదటి నాలుగూ దాదాపు ఇవే, ఐదోది మాత్రం మత్తు బదులు అపరిగ్రహం. చావు తర్వాత కర్మల గురించి అడిగినా చెప్తారు, మనకు పది పన్నెండు రోజులు, తర్వాత మాసికాలు, వాళ్లకు ఏడేసి రోజుల చొప్పున 49 రోజులు. వైశాఖ పూర్ణిమకు వెళ్తే బాగుంటుందని చాలామంది అనుకుంటారు, కానీ వాళ్లు తమ క్యాలెండరులో నాలుగో నెల పున్నమి చేస్తారు, కొన్నేళ్లు మన బుద్ధపూర్ణిమకు నెల తర్వాత పడుతుంది. ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

తిండి గురించి రెండు ముక్కలు. బయట మోమోలు, తుక్పా (నూడుల్స్ సూపు) దొరుకుతాయి, మాంసంవీ ఉంటాయి. బౌద్ధులంటే శాకాహారులే అనుకుని కళ్లు మూసుకుని ఆర్డరివ్వకండి, టిబెట్ చలికి కూరగాయలేం పండుతాయి, మాంసం వాళ్లకు అలవాటు. శనివారం ఉపవాసమున్న అత్తయ్యకు అరటిపళ్లు ఇంటినుంచే తెచ్చుకోవడం మేలు.

ఇంకో ఆదివారం దొరికితే తారాతారిణి వెళ్లినప్పుడు దగ్గర్లోనే ఋషికుల్య పక్కన జౌగడ చూడండి, రాతిమీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులంతా నా బిడ్డలు అన్న మాట అక్కడుంది. కళింగ యుద్ధం గురించి బాధపడుతూ వేయించిన 13వ శాసనం మాత్రం అక్కడ లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌలి రాతిమీదా లేదు. కళింగవాళ్లకే ఆ మాట చెప్పలేకపోయాడు. మా అత్తకు చెప్తే, "ఏ మొహంతో చెప్తాడు" అంది.

తిరుగు ప్రయాణం ఘాటీ చీకటి పడకముందే దాటేలా చూసుకోండి. మేం కిందటిసారి అది పాటించలేదు, అత్త వల్ల. సాయంత్రం గిన్నెలు బోర్లించేది చూసి గానీ కదలనంది. పదేళ్లుంటాయేమో, ఒక కుర్ర భిక్షువు కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ బకెట్లోకి వంచి, తుడిచి, బోర్లిస్తూ వచ్చాడు. ఏడోది అయ్యాక బకెట్ పట్టుకుని బయటికి వెళ్తుంటే మా అత్త వెనకాలే వెళ్లింది, నేను కారు తాళాలు ఊపుతూ నిలబడ్డాను. తిరిగొచ్చి కారెక్కి చాలాసేపు మాట్లాడలేదు. దిగపహండి దాటాక అంది, "మొక్కల మొదట్లో పోశాడ్రా, ఎవరూ తొక్కనిచోట."